ఎవరి గద్దె కోసం? – వేంగి నుంచి కడారం దాకా
(మన తెలుగు సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. నేవీలో సిగ్నల్స్ చూసుకున్నవాణ్ణి. మొన్న కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఈసారి చరిత్ర మీద ఒక ఇరవై నిమిషాలు మాట్లాడండి, పిల్లలు కూడా ఉంటారు" అన్నారు. "చరిత్రంటే తారీఖులు కదండీ, పిల్లలు నిద్రపోతారు" అన్నాను. "పెద్దవాళ్ళు నిద్రపోకుండా చూసుకోండి చాలు" అన్నారు. ఆ షరతు మీదే ఒప్పుకున్నాను.

మాది కైకలూరు ప్రాంతం. మా వూరికి దగ్గర్లోనే కలిదిండి. ఇవాళ అది ఏలూరు జిల్లాలో ఉంది. కలిదిండి అనగానే మాకు తెలిసింది చేపల చెరువులు, ఐసు లారీలు. ఒకసారి లీవు మీద వెళ్ళినప్పుడు టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన పలకరించాడు. "ఎక్కడ బాబూ ఉద్యోగం?" అంటే, "అండమాన్‌లో బాబాయ్, నేవీ" అన్నాను. ఆయన నవ్వి, "మీవాళ్ళు మనూళ్ళో పడిపోయారుగా, వెయ్యేళ్ళ క్రితం" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "మీవాళ్ళంటే సిపాయిలు నాయనా. అరవదేశం నుంచి మనకోసం వచ్చి ఇక్కడే చచ్చిపోయారు. రాజుగారు వాళ్ళకి గుళ్ళు కట్టించాడంట" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. తరువాత దొరికిన పుస్తకాలు చదువుకున్నాను. ఆ కథే ఇవాళ మీకు చెబుతాను. గద్దె పోగొట్టుకుని పరాయి దేశం పంచన చేరి, పరాయి సైన్యంతో గద్దె తిరిగి సంపాదించుకున్న ఒక తెలుగు రాజకుమారుడి కథ ఇది. అది వేంగిలో మొదలై మనం కూర్చున్న ఈ సముద్రం మీదుగా కడారం దాకా పోతుంది.

వేంగి తూర్పు చాళుక్యుల రాజ్యం. గోదావరికీ కృష్ణకూ మధ్య నేల. క్రీస్తు శకం 973లో దానార్ణవుడనే రాజును జటాచోడ భీముడు చంపి వేంగిని పట్టుకున్నాడు. ఈ భీముడు పరాయివాడేం కాదు, తెలుగు చోడుడే. పెదకల్లు, అంటే నేటి కర్నూలు వైపువాడు. దానార్ణవుడికి ఇద్దరు కొడుకులు, శక్తివర్మ, విమలాదిత్యుడు. ఇద్దరూ ప్రాణాలు దక్కించుకుని దేశం విడిచారు. చివరికి తంజావూరులో చోళుల దగ్గర ఆశ్రయం పొందారు.

తరువాతి చాళుక్య శాసనాలు ఈ కాలాన్ని గురించి ఒక మాట చెబుతాయి. 27 సంవత్సరాలు వేంగికి నాయకుడు లేడట. నిజానికి భీముడు ఏలుతూనే ఉన్నాడు. కానీ గెలిచి తిరిగొచ్చినవాళ్ళు రాయించుకున్న లెక్కలో ఆ రాజు రాజే కాదు! ఎవరు రిపోర్టు రాస్తే వాళ్ళ మాటే నిలుస్తుందని మన సర్వీసులో అందరికీ తెలిసిన సంగతే.

27 సంవత్సరాలంటే మనలో చాలామంది పూర్తి సర్వీసు. అన్నాళ్ళు పరాయి కొలువులో ఉండటం ఎలా ఉంటుందో ఆలోచించండి. తిండికి లోటుండదు, గౌరవానికీ లోటుండకపోవచ్చు. కానీ ఆ ఇంటివాళ్ళకు అవసరం పడేదాకా మన పని ముందుకు సాగదు. చోళులకు ఆ అవసరం రాజరాజచోళుడి కాలంలో పడింది. ఆయనకు పడమట కళ్యాణి చాళుక్యులతో పోరు. వేంగి తనకు అనుకూలుడి చేతిలో ఉంటే ఉత్తరం నుంచి బెడద ఉండదు. పైగా కోస్తా రేవులు కలిసొస్తాయి. కాబట్టి 999లో చోళసేన వేంగి మీదికి నడిచింది. శక్తివర్మ గద్దెనెక్కాడు.

భీముడు ఊరుకోలేదు. ఎదురు దండెత్తి ఏకంగా కంచి దాకా వెళ్ళాడు. అక్కడి గుళ్ళో అతని శాసనం ఉంది. కానీ ఆ ఊపు నిలవలేదు. చోళులు అతణ్ణి అణచివేశారు. 1006లో కళ్యాణి సత్యాశ్రయుడి సేనాని వేంగిలోకి చొరబడి ధరణికోట, యనమదల కోటలను తగులబెట్టాడు. అప్పుడు రాజరాజు తన కొడుకు రాజేంద్రుణ్ణి నేరుగా సత్యాశ్రయుడి సొంత రాజ్యం మీదికే పంపించాడు. తన ఇల్లు అంటుకుంటుంటే పక్కింటి మీద ఎవడు ఉంటాడు? కళ్యాణి సైన్యం వెనక్కి మళ్ళింది. దీన్నే మనం డైవర్షన్ అంటాం. ఈ పాఠం వెయ్యేళ్ళ క్రితమే మన గుంటూరు సీమను కాపాడింది.

ఇప్పుడు బిల్లు సంగతి. సాయం ఊరికే రాదు. శక్తివర్మ తరువాత 1011లో తమ్ముడు విమలాదిత్యుడు రాజయ్యాడు. అతనికి రాజరాజు తన కూతురు కుందవ్వనిచ్చి పెళ్ళి చేశాడు. వాళ్ళ కొడుకే రాజరాజ నరేంద్రుడు. తాతగారి పేరే పెట్టారని మీకు తెలిసిపోయి ఉంటుంది. ఆయనకు రాజేంద్రచోళుడు మళ్ళీ తన కూతురు అమ్మంగదేవినిచ్చాడు. అంటే మేనమామ కూతురితో మేనరికం. ఒక తరంలో సైన్యం వచ్చింది, రెండో తరంలో పెళ్ళి వచ్చింది, మూడో తరంలో ఇంకో పెళ్ళి. వేంగి గద్దె మీద చాళుక్యుడే కూర్చున్నాడు గానీ, ఆ గద్దె ఒక కాలు తంజావూరులో ఉంది.

అందరికీ ఇది నచ్చలేదు. విమలాదిత్యుడికి మరో రాణి వల్ల పుట్టిన కొడుకు విజయాదిత్యుడున్నాడు. 1018లో తండ్రి పోయాక అన్నదమ్ములకు పోరు వచ్చింది. విజయాదిత్యుడు కళ్యాణి వైపు చూశాడు, నరేంద్రుడు తంజావూరు వైపు చూశాడు. ఒకే ఇంట్లో ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరికీ వెనక చెరొక పెద్ద రాజ్యం. తండ్రి పోయిన నాలుగేళ్ళకు, 1022లో గానీ నరేంద్రుడికి పట్టాభిషేకం జరగలేదు. ఆ తరువాత కూడా ఆయన రాజ్యం నిలకడగా సాగలేదు. పోరాటాలన్నీ మన పొలాల్లోనే జరిగాయి.

అలాంటి ఒక పోరాటం కలిదిండిలో జరిగింది. నరేంద్రుడికి సాయంగా రాజేంద్రచోళుడు ముగ్గురు సేనానులను పంపాడు. వాళ్ళలో ఒకడి పేరు రాజరాజ బ్రహ్మ మహారాజు. ఎదుట కన్నడ సేన. ఆ యుద్ధంలో ముగ్గురూ చనిపోయారు. వాళ్ళకు వేంగి గద్దె మీద ఎవరుంటే ఏం? వాళ్ళ ఇళ్ళు కావేరి పక్కన. మన భాష వాళ్ళకు వచ్చో రాదో! ఉత్తర్వు వచ్చింది, వచ్చారు, పడిపోయారు.

ఇక్కడే నాకు రాజరాజ నరేంద్రుడంటే గౌరవం కలిగింది. నన్నయగారిచేత మహాభారతం తెలుగులో మొదలుపెట్టించిన రాజుగా ఆయన మనకందరికీ తెలుసు. కానీ ఆ చనిపోయిన ముగ్గురి పేర మూడు శివాలయాలు కట్టించి, వాటికి భూములిచ్చి, ఆ సంగతంతా రాగిరేకుల మీద రాయించిన రాజు కూడా ఆయనే. వాటినే కలిదిండి శాసనం అంటారు. టీ కొట్టు దగ్గర బాబాయ్ చెప్పింది కల్లమాట కాదు. నాకోసం చనిపోయిన పరాయివాడి పేరు నా నేల మీద ఉండాలని ఒక రాజు అనుకున్నాడు. అది చిన్న విషయం కాదు.

ఇక సముద్రం వైపు వద్దాం. శక్తివర్మకు 'చాళుక్యచంద్ర' అనే బిరుదు ఉండేది. ఆ పేరుతో ఆయన వేయించిన బంగారు నాణేలు ఎక్కడ దొరికాయో తెలుసా? బర్మా అరకాన్ తీరం దగ్గరి చెదుబా దీవిలో. అంటే మనకు ఉత్తరాన, ఇదే బంగాళాఖాతంలో. నేను కమోర్టాలో ఉన్నప్పుడు సాయంత్రం వాచ్ దిగి జెట్టీ మీద కూర్చుని, ఆనాటి తెలుగు ఓడలు ఈ నీళ్ళలో ఎటుగా పోయేవా అనుకునేవాణ్ణి.

ఓడల సంగతి ఊహ కావచ్చు, చోళ నౌకాదళం మాత్రం ఊహ కాదు. 1025లో రాజేంద్రచోళుడు సముద్రం దాటి శ్రీవిజయ రాజ్యం మీద దండెత్తాడు. అంతకు ఇరవై ఏళ్ళ క్రితం ఆ రెండు రాజ్యాలకూ మంచి స్నేహం. శ్రీవిజయ రాజు నాగపట్నంలో బౌద్ధ విహారం కట్టించుకుంటే, దానికి రాజరాజచోళుడు ఆనైమంగలం గ్రామాన్ని ఇచ్చాడు. స్నేహం చెడింది, యుద్ధం వచ్చింది. తంజావూరు శాసనంలో ఆ దండయాత్రలో గెలిచిన స్థలాల జాబితా ఉంది. శ్రీవిజయం అంటే సుమత్రాలోని పాలెంబాంగ్. కడారం అంటే మలయా తీరంలోని కెడా. ఆ జాబితాలోనే 'మానక్కవారం' ఉంది. అది మన నికోబార్. 2024 సెప్టెంబర్‌లో మన పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మారినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ తంజావూరు గోడ మీది జాబితాయే.

అసలు విశేషం ఆ తరువాత ఉంది. నలభై ఏళ్ళు గడిచాక, వీరరాజేంద్రచోళుడి కాలంలో, కడారానికి చెందిన ఒక రాజు చోళుల దగ్గరకు వచ్చి శరణన్నాడు. శాసనం అతని పేరు చెప్పదు. 1068 ప్రాంతంలో చోళసేన కడారాన్ని గెలిచి, తన పాదాలను కొలిచిన ఆ రాజుకే తిరిగి ఇచ్చిందని మాత్రం చెబుతుంది. శక్తివర్మ కథే మళ్ళీ జరిగింది, ఈసారి సముద్రం అవతల. తమాషా ఏమిటంటే, ఆ రాజు శాసనాల్లోనే బెజవాడ దగ్గర పెద్ద ఏటి ఒడ్డున జరిగిన యుద్ధం, వేంగిని శరణన్న విజయాదిత్యుడికి ఇవ్వడం కూడా ఉన్నాయి. ఔను, ఒకప్పుడు కళ్యాణి అండతో అన్నను ఎదిరించిన ఆ విజయాదిత్యుడే! ముసలితనంలో చోళుల పాదాల దగ్గరకే వచ్చాడు. బెజవాడ, కడారం రెండూ ఒక్క రాజు పద్దులో పడ్డాయి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో చివరికి ఎవరు గెలిచారు? రాజరాజ నరేంద్రుడి కొడుకు రాజేంద్రుడికి వేంగి దక్కకుండా పినతండ్రి విజయాదిత్యుడే అడ్డం పడ్డాడు. కానీ అతని తల్లి చోళ ఆడపడుచు, నాయనమ్మ చోళ ఆడపడుచు. 1070లో చోళ వంశంలో గద్దె ఖాళీ అయినప్పుడు ఇతనే వెళ్ళి కూర్చున్నాడు. కులోత్తుంగచోళుడంటే ఇతనే. దాదాపు యాభై ఏళ్ళు ఏలాడు. దిక్కులేక చోళుల ఇంట్లో తలదాచుకున్నవాడి తమ్ముడి మనవడు ఆ ఇంటికే యజమాని అయ్యాడు. సాయం చేసిన రాజరాజచోళుడు గానీ, సాయం అడిగిన శక్తివర్మ గానీ కలలో కూడా అనుకోని సంగతి ఇది.

మనవాడు గెలిచాడని చప్పట్లు కొట్టొచ్చు, కొట్టండి. కానీ నా లెక్క వేరే. 973 నుంచి 1070 దాకా దాదాపు నూరేళ్ళలో వేంగి రైతు ఎన్ని సైన్యాలను చూశాడో, ఎన్ని పంటలు గుర్రాల పాలయ్యాయో ఏ శాసనంలోనూ లేదు. అడిగిన రాజు లెక్క ఉంది, ఇచ్చిన రాజు లెక్క ఉంది. మధ్యలో చనిపోయినవాళ్ళ లెక్క కలిదిండిలో మాత్రం కొంచెం ఉంది.

పరాయి సాయం సంగతి మాట్లాడుతూ, ఈ ఊళ్ళో నిలబడి, 1943ని తలుచుకోకపోతే తప్పవుతుంది. నేతాజీ రాజకుమారుడు కాదు, సొంత గద్దె అడగలేదు. దేశం కోసం దేశం విడిచి, పరాయి సాయం అడిగారు. 1943 డిసెంబర్ 30న ఇక్కడే త్రివర్ణ పతాకం ఎగరేశారు. ఈ దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున లోగనాథన్ గారు అధికారిగా వచ్చారు. కానీ అసలు పెత్తనం జపాన్ సైన్యం వదల్లేదు. ఆయన చేతికి వచ్చింది విద్యాశాఖ ఒక్కటే అన్నంత పరిస్థితి. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మంది మనవాళ్ళను గూఢచారులన్న నెపంతో జపాన్ సైన్యం కాల్చి చంపింది. అడిగిన మనిషి ఎంత గొప్పవాడైనా, ఉద్దేశం ఎంత పవిత్రమైనా, తుపాకీ ఎవరి చేతిలో ఉందో వాడి మాటే చెల్లుతుంది. నేతాజీ మీద గౌరవం తగ్గకుండానే ఈ మాట చెప్పుకోవచ్చు.

మనం సాయం చేసే వైపున్న రోజులూ ఉన్నాయి. 1988 నవంబర్ 3న మాల్దీవుల్లో కిరాయి మూక తిరగబడితే, అధ్యక్షుడు గయూమ్ సాయం అడిగారు. ఆ రాత్రికే మన పారా దళం ఆగ్రా నుంచి ఎగిరి హుల్హులేలో దిగింది. బందీలతో ఓడలో పారిపోతున్న మూకను సముద్రంలో వెంటాడి పట్టుకున్న మన ఓడల్లో ఒకదాని పేరు ఐఎన్ఎస్ గోదావరి. ఆ పేరు వింటే మన జిల్లాలవాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది. అడిగారు, వెళ్ళాం, పని అయ్యాక వచ్చేశాం. అక్కడ మన జెండా పాతలేదు.

శ్రీలంక అంత సులువుగా జరగలేదు. 1987 నుంచి 1990 దాకా అక్కడున్న మన శాంతిసేనలో దాదాపు 1,200 మంది చనిపోయారు. అందులో మన తెలుగు కుర్రాళ్ళూ ఉన్నారు. వాళ్ళు తిరిగొచ్చినప్పుడు స్వాగతం పలికినవాళ్ళు తక్కువ. తరువాతి కాలంలో శ్రీలంక ప్రభుత్వమే కొలంబో దగ్గర శ్రీ జయవర్ధనపుర కోట్టేలో వాళ్ళ పేర్లతో స్మారకం కట్టింది. ఆ ఫొటో చూసినప్పుడు నాకు కలిదిండి గుర్తొచ్చింది. వెయ్యేళ్ళ తరువాత కూడా పద్ధతి అదే. పరాయి నేల మీద పడినవాడి పేరు ఆ నేల రాసుకోవాలి.

ఇక్కడ కూర్చున్న సర్వీసులో ఉన్న కుర్రాళ్ళకు ఒక మాట. రేపు ఏ ఉత్తర్వు వస్తుందో మనకు తెలియదు. ఎవరి గద్దె కోసమని మనం అడగలేం, అడిగే హక్కు మనది కాదు. అది ఢిల్లీలో ఆలోచించవలసిన సంగతి. వాళ్ళు శక్తివర్మ కథ, కడారం కథ, 1943 కథ చదివి ఆలోచించాలని నా కోరిక. గద్దె ఎక్కించడం కొన్ని నెలల పని. ఆ తరువాత దాన్ని నిలబెట్టడం తరాల పని.

మన సంఘానికి ఒక చిన్న విన్నపం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగు మాట్లాడేవాళ్ళు. ఏటా మన సంచికలో వంటలు, పద్యాలు, పిల్లల బొమ్మలు వేస్తున్నాం, బాగుంది. దాంతోపాటు ఈ దీవుల్లో, ఈ సముద్రంలో డ్యూటీ చేస్తూ చనిపోయిన మన తెలుగువాళ్ళ పేర్లు, వాళ్ళ ఊళ్ళు, ఒక పేజీలో వేద్దాం. కుటుంబాల అనుమతి తీసుకుని, సరిచూసుకుని వేద్దాం. ఆ పేజీ పని నేను చూసుకుంటాను. రాగిరేకులు మనకు అక్కర్లేదు, మంచి కాగితం చాలు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఇచ్చిన ఇరవై నిమిషాలు దాటినట్టున్నాయి.  భోజనాలయ్యాక ఎవరైనా కలిదిండి వైపువాళ్ళుంటే వచ్చి పలకరించండి, మన ఊళ్ళ సంగతులు చెప్పుకుందాం.

జై హింద్.